చీపురుపుల్లల సైన్యం

మా పాతవస్తు పునర్వినియోగ మండలికి ఏడాదికో ఉత్సాహం పుడుతుంది. నిరుడు కొబ్బరిచిప్పల ఉత్సాహం. జిల్లా ఉద్యోగులందరం ఆరు నెలలపాటు కొబ్బరిచిప్పల్లోనే టీ తాగాం. ఈ ఏడాది హెడ్డాఫీసు నుంచి ఇంకో సర్క్యులర్ వచ్చింది. "ప్రతి జిల్లా కార్యాలయము పారవేయదగిన వస్తువులతో, అత్యల్ప వ్యయంతో సాధించబడిన ఒక అద్భుతమును గుర్తించి పదిహేను దినములలోగా నివేదించవలెను." అద్భుతం లేకపోతే లేదని రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

మా కాకినాడ ఆఫీసు డిప్యూటీ డైరెక్టర్ అచ్యుతరామరాజు గారు అందరినీ కూర్చోబెట్టి, "మీలో ఎవరి ఎరుకలోనైనా అద్భుతం ఉన్నదా?" అని అడిగారు. అందరూ తలలు దించుకుని బల్లకేసి చూశారు. నేనూ ఆ పని చేసి ఊరుకోవచ్చు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో నేర్చుకున్న విద్య అదొక్కటే. కానీ ఆ రోజెందుకో నోరు ఊరుకోలేదు.

"మా కామేశం గారి సైన్యం ఉందండీ" అన్నాను.

ఆ మాటకి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

కామేశం గారు పళ్ళసెట్లు కట్టే మనిషి. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, మెయిన్‌రోడ్డు వెనక సందులో చిన్న గదిలో కూర్చుని చిగుళ్ళు పోసి పళ్ళు అమరుస్తారు. ఊళ్ళో పెద్దవాళ్ళు సగంమంది ఆయన చలవ వల్లే జంతికలు తింటున్నారు. ఆదివారం మాత్రం ఆ గదిలో పళ్ళుండవు. పాత తలుపు చెక్కను రెండు స్టూళ్ళమీద పరిచి, దానిమీద అట్టముక్కల కొండలు, అద్దంముక్క చెరువు పెడతారు. అటు ఆయన రాజ్యం, ఇటు నా రాజ్యం. సైనికులు బొటనవేలంత ఉంటారు. స్కేలుతో కొలిచి నడిపిస్తాం, పాచికలు వేసి కొట్టుకుంటాం. పడిపోయినవాణ్ణి పక్కన పడుకోబెట్టి, ఆట అయ్యాక మళ్ళీ లేపి నిలబెడతాం. మా మధ్య ఈ యుద్ధం మొదలై పదకొండేళ్ళయింది. ఎందుకు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

రెండు వైపుల సైన్యమూ ఆయన చేసిందే. కోటిపల్లి తీర్థంలో డజను పది రూపాయలకి అమ్మే ఆకుపచ్చ ప్లాస్టిక్ సోల్జర్లని తెచ్చేవారు. అందరూ ఒకే భంగిమలో తుపాకీ పట్టుకుని ఉంటారు. ముందు కుంకుడురసంతో తలంటుపోసేవారు. లేకపోతే రంగు పట్టదట. తరవాత పళ్ళు అరగదీసే మరతో తుపాకీ కోసేసి, కాల్చిన సూదితో చెయ్యి వంచి, ఆ చేతిలో చీపురుపుల్ల గుచ్చి ఈటె చేసేవారు. చొక్కా గుండీ డాలయ్యేది. దారం చుట్టి మీద పళ్ళమైనం అద్దితే తలపాగా వచ్చేది. పాత టూత్‌బ్రష్షు కుచ్చు గుర్రానికి జూలు. సోడామూతమీద ఇసుక అంటించి దానిమీద మనిషిని నిలబెట్టేవారు. గోడలకి వేయగా డబ్బా అడుగున మిగిలిన రంగులు, వాళ్ళింట్లో ఆడవాళ్ళు పారేసిన గోళ్ళరంగు వాడేవారు. చివర్న టీ డికాక్షన్‌లో నల్లరంగు చుక్క కలిపి ఒంటినిండా పూసి తుడిస్తే, మడతల్లో మురికి నిలిచి, వాడు నాలుగు రోజులు ఎండలో నడిచొచ్చినవాడిలా కనిపించేవాడు. కళ్ళు పెట్టడానికి మూడే వెంట్రుకలున్న బ్రష్షు వాడేవారు. ఊపిరి బిగబట్టి ఒక్కో చుక్క పెట్టేవారు.

అలా రెండు వందల పన్నెండు మంది తయారయ్యారు. రెండేళ్ళ కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. పళ్ళసెట్లంటే అచ్చులో పోయడమే కాబట్టి నెట్టుకొస్తున్నారుగాని, సన్నపని పోయింది. ఆ తరవాత కొత్త సైనికుడు పుట్టలేదు. ఇక ఉన్నవాళ్ళే సైన్యం. ఆ సంగతి ఆయనా పైకి అనలేదు, నేనూ అనలేదు.

ఆ మీటింగు తరవాతి ఆదివారం రాజుగారు జీపులో దిగి, తలుపు చెక్కమీదకి వంగారు.

"ఈ ఈటె దేనితో నిర్మితము?"

"చీపురుపుల్లండి."

"డాలు?"

"చొక్కా గుండీ అండి."

"అశ్వము యొక్క జూలు?"

"మా తమ్ముడు తోముకుని పారేసిన బ్రష్షండి."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "త్రిమూర్తులూ! ఇది నిరుపయోగ వస్తు సముదాయము యొక్క సమగ్ర సైనికీకరణ! మనమిన్నాళ్ళూ కొబ్బరిచిప్పలతో కాలయాపన చేశాము" అన్నారు నా వైపు తిరిగి.

అప్పటికప్పుడు రసీదు రాయించారు. "ప్రదర్శన నిమిత్తము తాత్కాలికముగా స్వీకరించడమైనది." కామేశం గారు ఒక్కొక్కణ్ణీ దూదిలో చుట్టి పళ్ళసెట్ల డబ్బాల్లో సర్దారు. జీపు ఎక్కిస్తూ అడిగారు.

"ఆదివారానికి ఇచ్చేత్తారాండీ? మావోళ్ళు రెండు వారాల్నించీ ఈయన కోటగోడ కింద నిలబడున్నారు. ఇంకొక్క ఊపూపితే గోడ దిగిపోద్దండి."

"తప్పక పరిశీలించబడుతుంది" అన్నారు రాజుగారు.

పరిశీలించబడుతుంది అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. తెలిసీ కామేశం గారికి చెప్పలేకపోయాను.

సైన్యాన్ని మా ఆఫీసు గుమ్మంలో గాజు బీరువాలో పెట్టారు. ఫోటోలు హెడ్డాఫీసుకి వెళ్ళాయి. వాళ్ళు మురిసిపోయి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ఈ సైన్యం వ్యర్థాలతో చేసినట్టు రుజువేమిటి? మా నిబంధనల్లో ఒకటుంది. ముగ్గురు సభ్యుల కమిటీ చూసి సంతకాలు పెట్టేదాకా ఏ వస్తువూ వ్యర్థం కాదు. కుళ్ళిన అరటిపండైనా సంతకం పడేదాకా పండే.

కమిటీకి కన్వీనర్ పద్మలోచన గారు. భూతద్దం, చిన్న పట్టకారు హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయి. మిగతా ఇద్దరు సభ్యులు ఆవిడ ఎటు చూస్తే అటు చూస్తారు. ముగ్గురూ బీరువాతో సహా కామేశం గారి గదికి వచ్చారు. విచారణ సంఘటనా స్థలంలోనే జరగాలట.

"ఈ డాలు ఏ చొక్కా నుంచి సంగ్రహించబడినది?"

"నాదేనండి."

"ఆ చొక్కాను హాజరుపరచండి."

"తొడుక్కునే ఉన్నానండి" అన్నారు కామేశం గారు. రెండో గుండీ ఉండాల్సిన చోట పిన్నీసు ఉంది.

"గుండీ ఊడినదా, ఊడదీయబడినదా?"

కామేశం గారికి అబద్ధం చెప్పడం చేతకాదు. "ఊడేలాగుంటేనండీ, నేనే లాగేశానండి."

"కాలం తీరకముందు తొలగింపు. అయినను చొక్కా స్థితిని బట్టి క్షమించడమైనది" అని రాసుకున్నారావిడ. తరవాత చీపురు తెమ్మన్నారు. మూలనున్న చీపురు వచ్చింది. ఆవిడ కొంగు బిగించి స్వయంగా గదంతా ఊడ్చారు. గది శుభ్రపడింది. నాకు అప్పుడే భయం వేసింది.

"ఈ చీపురు ఉపయోగంలో ఉంది. ఉపయోగంలో ఉన్న వస్తువు వ్యర్థం కాదు. దానినుంచి తీసిన భాగమూ వ్యర్థం కాదు. రికార్డు చేయండి."

నలభై నాలుగు ఈటెలని పట్టకారుతో ఒక్కొక్కటే పీకి, తిరిగి చీపురులో చేర్చి, తాడు బిగించి, కామేశం గారి చేత ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నారు. తుపాకీ పోయిన సోల్జరు ఎలాగూ ఉపయోగం కోల్పోయినట్టేనట, కాబట్టి మిగిలిందంతా వ్యర్థమేనని ముగ్గురూ ధ్రువీకరించారు. ఈటెలు పోయిన నలభై నలుగురూ ఒట్టి చేతులు ముందుకు చాపుకుని నిలబడ్డారు. కామేశం గారు వంగి వాళ్ళని చూసుకున్నారు.

"ఆదివారానికి..." అన్నారు.

"పరిశీలనలో ఉంది" అన్నారావిడ.

ధ్రువీకరణ పత్రం చేరగానే హెడ్డాఫీసు పథకం ప్రకటించింది. జిల్లాకో సైన్యం. పదమూడు జిల్లాలకీ ఇటువంటి సైన్యాలు ఆర్నెల్లలో తయారవ్వాలి. అందులో వాడేదంతా ధ్రువీకరించిన వ్యర్థమే అయ్యుండాలి.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, అంత వ్యర్థం ఎవరి దగ్గరా లేదు. జనం చీపురు మొండిదాకా వాడతారు, చొక్కా చిరిగితే గుడ్డపేలికలు చేస్తారు. రాజుగారు మూడు రోజులు ఆలోచించి పరిష్కారం కనిపెట్టారు. కొత్త సామాను తెప్పించి, దాన్ని ఆఫీసులోనే అరగదీయాలి. దానికి అరుగుదల విభాగం అని ఒకటి పెట్టారు. నన్ను చొక్కాల సెక్షన్‌కి వేశారు.

నా పని పదింటినుంచి ఐదింటిదాకా ఒకదానిమీద ఒకటి ఐదు చొక్కాలు తొడుక్కుని కూర్చోవడం. గంటకోసారి లేచి గుండీలు విప్పి పెట్టాలి. పక్క సెక్షన్‌లో ఆరుగురు రోజుకి ఏడుసార్లు పళ్ళు తోముకునేవారు. మూతల కోసం సోడాలు తాగే సెక్షన్‌లో మధ్యాహ్నం తరవాత ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. అంతా త్రేన్పులే. కొత్త చీపుళ్ళు అరగాలంటే ఊడవాలి, ఊడవాలంటే చెత్త ఉండాలి. ఆఫీసు చెత్త మొదటిరోజే అయిపోయింది. రాజుగారు వీధి చివర కుప్పనుంచి రెండు తోపుడుబళ్ళ చెత్త తెప్పించి హాల్లో పోయించారు. ఊడ్చి బయట పోసిన చెత్తని మర్నాడు పొద్దున్న మళ్ళీ లోపలికి తెచ్చేవారు.

"పొదుపంటే ఊరికే రాదు త్రిమూర్తులూ, పెట్టుబడి పెట్టాలి" అన్నారు ఒకరోజు రాజుగారు, నా ఐదో చొక్కా గుండీ తామే పెడుతూ.

మూడో నెలకి బ్రష్షుల సెక్షన్‌లో ఇద్దరికి చిగుళ్ళు వాచి పళ్ళు కదిలిపోయాయి. వాళ్ళ సెట్లు కట్టింది కామేశం గారే. సైనికుడు మాత్రం ఏ జిల్లాలోనూ ఒక్కడూ తయారవలేదు. చేసేవాళ్ళు కావాలన్న సంగతి సర్క్యులర్‌లో లేదు.

కామేశం గారు వారానికోసారి ఆఫీసు గుమ్మంలోకి వచ్చి, బీరువా అద్దంలోంచి తన వాళ్ళని చూసుకుని వెళ్ళేవారు. లోపలికి వచ్చేవారు కాదు. వస్తే నేను ఐదు చొక్కాల్లో కనపడతాను కాబట్టి, రాకపోవడమే నాకు మేలనిపించేది.

తొంభయ్యో రోజు దగ్గరపడుతుండగా పద్మలోచన గారి నోటు వచ్చింది. "వ్యర్థముగా ధ్రువీకరించబడిన వస్తువును ప్రభుత్వ ఆవరణలో తొంభై దినములకు మించి ఉంచరాదు. కావున బీరువాలోని రెండు వందల పన్నెండు వ్యర్థములను సోమవారము ఉదయము పొడిచేయు యంత్రమునకు అప్పగించవలెను."

నేను పరుగున వెళ్ళి రాజుగారికి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది. ఆయనకీ ఆ బొమ్మలంటే ప్రాణమే.

"ఏం చేయగలం? వ్యర్థమని మనమే నిరూపించాం కదా" అన్నారు.

కామేశం గారికి నేనే చెప్పాల్సి వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆయన ఎవరిదో కింది దవడ సెట్టు నునుపుచేస్తున్నారు. నేను చెప్పిందంతా విని, మర ఆపారు.

"అందర్నీనాండీ?"

"అందర్నీనండి."

"పోన్లెండి త్రిమూర్తులు గారూ. మీరు మాత్రం ఏం చేత్తారు. మళ్ళీ చేద్దారంటే ఈ చెయ్యొకటి..." అని, చేతిని ఒళ్ళోకి లాక్కుని, మళ్ళీ మర తిప్పడం మొదలెట్టారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. ఆఫీసులో మెప్పు కోసం నోరు జారి, ఒక మనిషి తొమ్మిదేళ్ళు ఊపిరి బిగబట్టి చేసుకున్నదాన్ని మరలో వేయిస్తున్నాను.

మర్నాడు నాకు చీపురు గుర్తొచ్చింది. ఫైలు తెరిచి నోటు రాశాను. "ఉపయోగంలో ఉన్న వస్తువు వ్యర్థం కాదని కన్వీనర్ గారే చీపురు విషయమున తీర్పునిచ్చి ఉన్నారు. సైన్యము యొక్క ఉపయోగము యుద్ధము. యుద్ధము మధ్యలో ఉండగా స్వీకరించబడినది కావున సదరు సైన్యము ఇంకను ఉపయోగంలోనే ఉన్నట్టు భావించవచ్చును."

పద్మలోచన గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. "భావించడం కుదరదు. చీపురును నేను ఊడ్చి చూశాను. యుద్ధమూ చేసి చూపించాలి" అన్నారు.

శనివారం కాన్ఫరెన్స్ హాల్లో చెత్త ఒక పక్కకి తోయించి, తలుపు చెక్క పరిచారు. కొండలు, చెరువు, నా కోట, అన్నీ వచ్చాయి. ఆటకి ముందు పద్మలోచన గారు షరతు చదివారు.

"నిలబడి పోరాడుతున్నవాడు ఉపయోగంలో ఉన్నట్టు. పడిపోయినవాడు ఉపయోగం కోల్పోయినట్టు. అట్టివారిని ఈ సంచిలో వేయడం జరుగుతుంది. సంచి సోమవారం యంత్రానికి వెళుతుంది."

కామేశం గారు నా మొహం చూశారు. నేను ఆయన మొహం చూశాను. ఇద్దరం స్కేళ్ళు తీసుకున్నాం.

నా గుర్రాలని ఎడమవైపుకి నడిపించాను. ఆయన తన గుర్రాలని కుడివైపుకి నడిపించారు. నేను వెనక్కి తెచ్చుకున్నాను. ఆయనా వెనక్కి తెచ్చుకున్నారు. పదకొండేళ్ళలో మేము ఒకరికొకరం అంత మర్యాద ఎన్నడూ చేసుకోలేదు. ఈటెలు లేని నలభై నలుగురూ చెరువు చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి మొదట ఉన్న చోటికే వచ్చారు.

"ఇరవై నిమిషాలుగా ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఇది యుద్ధమా, వాహ్యాళా?" అన్నారు పద్మలోచన గారు వాచీ చూసుకుంటూ.

తప్పదన్నట్టు కామేశం గారు పాచికలు గుప్పిట్లోకి తీసుకున్నారు. పాచిక పడింది. కోటగోడమీదున్న నా విలుకాడు ఒకడు చచ్చాడు. ఆవిడ పట్టకారుతో వాణ్ణి ఎత్తి సంచిలో వేశారు. చిన్న చప్పుడైంది. కామేశం గారు కళ్ళు మూసుకున్నారు.

నా వంతు వచ్చింది. నేను పాచిక ముట్టుకోలేదు. కోటమీద జెండా పీకి ఆయన చేతిలో పెట్టాను.

"లొంగిపోయానండి" అన్నాను. మా ఆటలో లొంగినవాణ్ణి కొట్టకూడదు.

ఆయన సంతోషిస్తారనుకున్నాను. మొహం ఎర్రబడిపోయింది. "ఇదేటండీ! పదకొండేళ్ళు పోరాడింది మీరిలా చేతులెత్తేత్తారనాండీ? ఇదీ ఒక గెలుపేనాండీ?" అని జెండా బల్లమీద పడేశారు. అంత కోపంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"యుద్ధం ముగిసింది. దానితో ఉపయోగమూ ముగిసింది" అన్నారు పద్మలోచన గారు. సంచి మూతి తెరిచారు.

నా ఎత్తు అక్కడితో చిత్తయింది. చొక్కా అంతా చెమటపట్టింది. ఆ రోజు ఒక్క చొక్కాయే వేసుకున్నాను.

"ఒక్క నిమిషం మేడమ్" అన్నారు రాజుగారు. వెనక కుర్చీలోంచి లేచి వచ్చి, కామేశం గారి మొహాన్నీ, సైన్యాన్నీ మార్చి మార్చి చూశారు. "త్రిమూర్తులూ, మన కార్యాలయంలో ఉపయోగం ముగిసినవారిని మనమేం చేస్తున్నాం?"

"శాలువా కప్పి, దండేసి, ఆఫీసు జీపులో ఇంటిదగ్గర దింపుతున్నామండి."

"ఎవరినైనా యంత్రంలో వేశామా?"

"ఇంతవరకు లేదండి."

పద్మలోచన గారు నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. ఆ మాటని కాదనే నిబంధన ఆవిడకి దొరకలేదు. సంచి మూతి బిగించారు.

రెండు వందల పదకొండు మందికి ఆ సాయంత్రమే వీడ్కోలు సభ జరిగింది. రాజుగారు నలభై నిమిషాలు మాట్లాడారు. వీరి క్రమశిక్షణ, నిలబడిన చోటునుంచి కదలని నిబద్ధత, ఏనాడూ సెలవడగని తీరు ఉద్యోగులందరికీ ఆదర్శమన్నారు. ఒకే శాలువా తలుపు చెక్కమీద అడ్డంగా కప్పారు. సంచిలోని విలుకాడిది విధి నిర్వహణలో మరణంగా రాసి, వారసులెవరైనా ఉంటే కారుణ్య నియామకానికి దరఖాస్తు చేసుకోవచ్చని ప్రకటించారు. విరమణ ఉత్తర్వులో పింఛను సున్నా అనీ, ఇకమీదట వీరు ఏ యుద్ధంలోనూ పాల్గొనరాదనీ ఉంది. జీపు వాళ్ళని ఇంటిదగ్గర దింపింది. కామేశం గారు ముందు సీట్లో డబ్బాలన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆదివారం భయం భయంగానే వెళ్ళాను. తలుపు చెక్క పరిచి ఉంది. కోటమీద నా జెండా మళ్ళీ నిలబెట్టి ఉంది.

"ఆ లొంగిపోడం చెల్లదండి. మొదట్నించీ కానియ్యండి" అన్నారు. తరవాత నా ముందుకి ఆకుపచ్చ ప్లాస్టిక్ సోల్జర్ ఒకణ్ణి, పళ్ళ మరనీ తోశారు. "మీ విలుకాడి వారసుణ్ణి మీరే చేసుకోండి. ముందు తలంటండి."

రెండు వారాలు పట్టింది. ఒక చెయ్యి పొట్టి అయింది. కళ్ళు రెండూ ఒకే పక్కకి చూస్తున్నాయి. కామేశం గారు వాణ్ణి వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "కారుణ్య నియామకం కదండీ, ఫర్లేదు" అన్నారు.

నవంబరులో పింఛన్ల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పింఛను ఎంతన్నదానితో నిమిత్తం లేకుండా, విరమణ పొందినవారందరూ బతికే ఉన్నట్టు స్వయంగా హాజరై రుజువు చేసుకోవలెను. డబ్బాలన్నీ ఆటోలో పెట్టుకుని వెళ్ళాం. క్యూలో మాకు ముందున్న ముసలివాళ్ళు జరిగి బల్లమీద చోటిచ్చారు. కౌంటరులో గుమాస్తా ఒక్కొక్కణ్ణీ వేలితో తాకుతూ లెక్కపెట్టి, ఫారం మీద రెండో ప్రశ్నకి వచ్చాడు.

"విరమణ తరవాత వీళ్ళు ఎక్కడైనా, ఏ రూపంలోనైనా యుద్ధం చేశారాండీ?"

కామేశం గారికి అబద్ధం చేతకాదు కదా. ఆయన నోరు తెరవబోతుంటే కాలు తొక్కి, నేనందుకున్నాను.

"లేదండి. ఇంటిదగ్గర ఊరికే నిలబడి ఉంటున్నారండి."

గుమాస్తా మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. రెండు వందల పదకొండు ఫారాలమీదా ముద్ర కొట్టాడు. అన్నీ అయ్యాక అటూ ఇటూ చూసి, కౌంటరు కంతలోంచి మొహం ముందుకు పెట్టి గొంతు తగ్గించాడు.

"ఇంతకీ ఎవరు గెలుత్తున్నారండీ?"

"నేనేనండీ!" అన్నారు కామేశం గారు, హాలంతా వినపడేలా.